కౌంటీ జైలు దేశపు జ్ఞాపకమైన కథ

డబ్లిన్ నగరానికి పడమటి వైపు కిల్మేన్‌హామ్ అనే రాతి జైలు ఉంది. ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటం గురించి కాస్తో కూస్తో చదివినవాళ్లకు ఆ పేరు వింటే 1916 గుర్తొస్తుంది. నిజానికి ఆ జైలు కట్టింది దేశభక్తుల కోసం కాదు. అది డబ్లిన్ కౌంటీ జైలు, మన మాటలో జిల్లా జైలు. అప్పు తీర్చలేనివాళ్లను, చిల్లర దొంగలను, ఆస్ట్రేలియా ఓడ ఎక్కించాల్సిన శిక్షపడ్డవాళ్లను ఉంచడానికి కట్టారు. దాని చరిత్రను అక్కడి నుంచే మొదలుపెట్టాలని నాకనిపిస్తుంది.

అప్పట్లో కౌంటీ పాలన భూస్వాములతో ఏర్పడే గ్రాండ్ జ్యూరీ చేతిలో ఉండేది. రోడ్లు, వంతెనలతో పాటు జైలు ఖర్చూ వాళ్లే చూసేవారు. ఆ సొమ్ము మాత్రం భూమి సాగుచేసుకునేవాళ్ల మీద వేసిన పన్ను నుంచి వచ్చేది. పాత జైళ్లలో ఆడా మగా పిల్లా పెద్దా అందరినీ ఒకేచోట కుక్కేవారు. జైలరు ఖైదీల దగ్గరే రుసుము వసూలు చేసుకునేవాడు. జైలు జ్వరం, అంటే టైఫస్, ఉరికంబం కంటే ఎక్కువ మందిని తీసుకుపోతోందని ఇంగ్లండులో జాన్ హోవర్డ్ లాంటి సంస్కర్తలు ఊరూరా తిరిగి లోకానికి చెప్పారు. ఆ ఆలోచనల ప్రభావంతోనే కిల్మేన్‌హామ్‌లో గాలి ఆడే ఎత్తైన చోట కొత్త జైలు కట్టి, 1796లో తెరిచారు.

ఉద్దేశం మంచిదే. కానీ గోడలు సున్నపురాయివి, కిటికీలకు అద్దాలు లేవు. ఐర్లండ్ వానకూ చలికీ ఆ రాయి ఎప్పుడూ చెమ్మగానే ఉండేది. వెలుతురుకూ వెచ్చదనానికీ ఖైదీకి దొరికేది ఒక చిన్న కొవ్వొత్తి.

జైలు అసలు స్వరూపం కరువులో బయటపడింది. 1845లో బంగాళదుంప పంటకు తెగులు సోకింది. దాన్నే నమ్ముకుని బతికే పేదలు ఆకలికి రోడ్డున పడ్డారు. 1847లో ప్రభుత్వం భిక్షాటననే నేరం చేస్తూ చట్టం తెచ్చింది. రొట్టె దొంగిలించినవాళ్లూ చేయి చాపినవాళ్లూ జైలుకొచ్చారు. లోపల పిడికెడు తిండైనా దొరుకుతుందని కావాలని నేరం చేసి వచ్చినవాళ్లూ ఉన్నారు. కొట్లు చాలక జనం నడవల్లో గడ్డి మీద పడుకున్నారు. ఆకలిని నేరంగా రాసుకున్న ఆ ఏళ్లే ఈ జైలు చరిత్రలో అన్నిటికంటే భారమైనవని నేననుకుంటాను. ఉరితీతలు, కాల్పుల కంటే కూడా.

1862లో తూర్పు భాగం వచ్చింది. గుర్రపునాడా ఆకారంలో మూడంతస్తులు, 96 కొట్లు, పైకప్పంతా అద్దం. మధ్యలో నిలబడిన కాపలాదారుకు కొట్ల తలుపులన్నీ కనబడతాయి. మనిషికో కొట్టు, మాటకు వీలులేదు. ఒంటరితనంలో మౌనంగా ఉంటే నేరస్థుడు పశ్చాత్తాపపడి మారతాడని ఆ కాలం గట్టిగా నమ్మింది. 1877 చట్టంతో ఐర్లండ్ జైళ్లన్నీ కౌంటీల చేతుల్లోంచి కేంద్ర బోర్డు కిందికి వెళ్లాయి. రైతు ఉద్యమ నాయకుడు పార్నెల్ 1881లో ఇక్కడికే వచ్చాడు. ఆయనకు మాత్రం సామాన్లున్న గదే ఇచ్చారు.

1910లో మూసేసిన జైలును సైన్యం తన అవసరాలకు వాడుకుంది. 1916లో బ్రిటిష్ పాలనపై లేచిన ఈస్టర్ తిరుగుబాటు అణగారాక, మే 3 నుంచి 12 మధ్య 14 మంది తిరుగుబాటుదారులను ఇక్కడి ఒక ఆవరణలో కాల్చి చంపారు. కఠిన శిక్ష పడ్డ ఖైదీలు రాళ్లు కొట్టే చోటు అది. చుట్టూ ఎత్తైన గోడలు, బయటివాళ్లకు ఏమీ కనబడదు. వాళ్లలో ఒకడైన ప్లంకెట్ చావుకు కొన్ని గంటల ముందు జైలు ప్రార్థనా మందిరంలో గ్రేస్ గిఫర్డ్‌ను పెళ్లి చేసుకున్నాడు. కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ గాయాలతో నిలబడలేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. అప్పటిదాకా తిరుగుబాటును తప్పుపట్టిన ప్రజలే ఈ మరణాల తర్వాత అటువైపు మళ్లారు. ఆ రోజుల్లో డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న మన వరాహగిరి వెంకటగిరి అదే ఏడాది దేశానికి తిరిగొచ్చారు. రైల్వే కార్మికులను కూడగట్టి, తర్వాత రాష్ట్రపతి కూడా అయిన ఆ మనిషి మీద ఐరిష్ పోరాటం ముద్ర చెరగలేదు.

ఇక్కడితో కథ ఆపితే బాగుండేది. కానీ 1922లో అంతర్యుద్ధం వచ్చింది. సొంత ప్రభుత్వాన్ని తెచ్చిన బ్రిటన్ ఒప్పందాన్ని ఒప్పుకోని నలుగురు యువకులను ఐరిష్ ప్రభుత్వమే నవంబర్‌లో ఇదే జైలులో కాల్చింది. మరుసటి ఏడాది మూడు వందలకు పైగా స్త్రీలను బంధించింది. వాళ్లలో గ్రేస్ గిఫర్డ్ కూడా ఉంది. 1924లో జైలు శాశ్వతంగా మూతపడింది. పైకప్పు కూలింది, ఆవరణల్లో చెట్లు మొలిచాయి.

1960లో కార్మికులూ, పాత పోరాటయోధులూ, కొత్త కుర్రాళ్లూ కలిసి జీతం లేకుండా బాగుచేయడం మొదలుపెట్టారు. అంతర్యుద్ధంలో ఎదురెదురుగా నిలబడినవాళ్లూ అందులో ఉన్నారు కనుక 1921 తర్వాతి సంగతులు ఎత్తకూడదని ఒక ఒప్పందం చేసుకున్నారు. ఆ మౌనం లేకపోతే భవనం మిగిలేది కాదేమో. 1966లో ఒకనాటి ఖైదీ, అప్పటి అధ్యక్షుడు డి వలేరా దాన్ని తెరిచాడు. 1986 నుంచి ప్రభుత్వ నిర్వహణలో ఉంది. ఇప్పుడు సందర్శకులకు అంతర్యుద్ధం గురించీ చెబుతున్నారు. కరువునాటి ఖైదీల పేర్లు, వాళ్ల నేరాలు, శిక్షలు రాసిన రిజిస్టర్లు ఐర్లండ్ జాతీయ పత్రాగారంలో ఉన్నాయి. తమ ముత్తాతల కోసం వెదికేవాళ్లు వాటిని తిరగేస్తుంటారు.