దగ్గు ఆగాలా, కళ్ళె బయటికి రావాలా?

ఆయాసపు రోగిని ఆసుపత్రికి తీసుకువచ్చిన ఇంటివారు ముందుగా అడిగేది దాదాపు ఒకటే. "డాక్టరుగారండీ, రాత్రంతా ఒకటే దగ్గు. ఆయన పడుకోరు, మమ్మల్ని పడుకోనివ్వరు. ఆ దగ్గు ఆగిపోయే మందేదైనా రాయండి." నెలల తరబడి నిద్ర లేని ఇంట్లో అలా అడగడం సహజమే. కానీ మీవారికున్న జబ్బు సి.ఓ.పి.డి. (దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధి) అయితే, దగ్గును నొక్కేయడం వల్ల మేలుకంటె కీడే ఎక్కువ జరగవచ్చు. ఎందుకో తెలియాలంటే ఛాతీ లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకోవాలి.

గాలి వెళ్ళే గొట్టాలు చెట్టు కొమ్మల్లా చీలుతూ ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయి. వాటి లోపలి గోడ మీద పల్చటి జిగురు పొర ఉంటుంది. అందులో నూటికి 95 వంతులకు పైగా నీరే. మనం పీల్చే దుమ్ము, సూక్ష్మక్రిములు ఈ జిగురుకే అంటుకుంటాయి. గోడ పొడుగునా కంటికి కనబడని సన్నని నూగు ఉంటుంది. గాలికి వరి కంకులు ఊగినట్టు ఆ నూగు రేయింబవళ్ళు ఊగుతూ, జిగురును కొద్దికొద్దిగా గొంతు వైపు నెడుతుంది. గొంతులోకి వచ్చిన దాన్ని మనకు తెలియకుండానే మింగేస్తాం. ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషిలోనూ ఇది జరుగుతూనే ఉంటుంది.

ఏళ్ళ తరబడి పొగ పీల్చినవారిలో రెండు నష్టాలు జరుగుతాయి. జిగురును తయారుచేసే గ్రంథులు ఉబ్బి మామూలుకంటె ఎక్కువ జిగురు వదులుతాయి. అది చిక్కగా, సాగుతూ ఉంటుంది. రెండోది, దాన్ని నెట్టవలసిన నూగు దెబ్బతిని రాలిపోతుంది. మన పంట బోదెల్లో పూడిక తీయకపోతే నీరు నిలిచి నాచు, గుర్రపుడెక్క పట్టదూ? అలాగే ఈ గొట్టాల్లో జిగురు నిలిచిపోతుంది, అందులో క్రిములు పెరుగుతాయి. మనం కళ్ళె అని, తెమడ అని, నెమ్ము అని పిలిచేది దీన్నే. దాన్ని బయటికి పంపడానికి శరీరానికి మిగిలిన దారి దగ్గు ఒక్కటే. వరుసగా రెండేళ్ళు, ఏడాదికి కనీసం 3 నెలలు కళ్ళెతో దగ్గు ఉండి, దానికి వేరే కారణం కనబడకపోతే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటారు. ఇది సి.ఓ.పి.డి.లో చాలామందికి ఉంటుంది. గొట్టాలు ఎంత ఇరుకయ్యాయో స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్షలో తేలుతుంది.

మన ప్రాంతంలో ఈ పొగ ఎక్కడిదని వెతకనక్కరలేదు. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకే పేరుపొందింది. "మావారు సిగరెట్టు ముట్టరండి, చుట్ట ఒక్కటే" అని ఇప్పటికీ చెబుతుంటారు, అది చిన్న విషయమన్నట్టు. చుట్ట పొగ కూడా పొగే. కోస్తా జిల్లాల్లో కొందరు పెద్ద వయసు ఆడవాళ్ళు నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అడిగితే చెప్పడానికి సిగ్గుపడతారు కాబట్టి డాక్టరుకు మీరే చెప్పాలి. ఇక జీవితంలో పొగాకు ముట్టని మామ్మలకు ఈ జబ్బు ఎలా వచ్చిందంటే, పొయ్యి దగ్గర చూడండి. పిడకలు, కొబ్బరి మట్టలు, ఊక పొయ్యి, కిటికీ లేని వంటగది. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి చాలా ఇళ్ళకు గ్యాసు అందింది. అయినా స్నానాల నీళ్ళకు కట్టెల పొయ్యే వాడే ఇళ్ళు ఉన్నాయి. రోగి ఉన్న ఇంట్లో ఆ పని కూడా ఆమెకు దూరంగా జరగాలి.

ఇప్పుడు మందు సంగతి. దుకాణంలో అడగ్గానే ఇచ్చే దగ్గు సిరప్పులు కొన్నింటిలో కళ్ళెను పల్చబరిచే మందు, దగ్గును అణిచే మందు రెండూ కలిపే ఉంటాయి! కొడీన్ లాంటి మందులు, నిద్రమాత్రలు దగ్గును అణచడమే కాక ఊపిరిని కూడా మందగింపజేస్తాయి. ఇంట్లోవాళ్ళు "హమ్మయ్య, ఈ రాత్రి పడుకున్నారు" అనుకుంటారు. అది ఒక్కోసారి నిద్ర కాదు, ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుని వచ్చిన మగత. డాక్టరు చెప్పకుండా ఇవి ఇవ్వవద్దు.

దగ్గు ఆపడానికి బదులు, తక్కువ శ్రమతో కళ్ళె బయటికి వచ్చేలా చేయవచ్చు. ఈ రోగుల్లో గొట్టాలు బలహీనంగా ఉంటాయి. బలంగా, ఎడతెరిపి లేకుండా దగ్గితే అవి మూసుకుపోయి కళ్ళె లోపలే ఉండిపోతుంది, మనిషి మాత్రం అలిసిపోతాడు. అందుకని గొట్టాలను తెరిచే ఇన్‌హేలర్ ముందు వాడించి, పది పదిహేను నిమిషాలు ఆగండి. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి పాదాలు నేలకు ఆనించండి. కాసేపు మెల్లగా ఊపిరి పీల్చాక, మూడు నాలుగుసార్లు నిండా పీల్చి రెండు క్షణాలు ఆపి వదలమనండి. తరువాత నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేటట్టు "హా..." అని గాలిని బయటికి నెట్టాలి. ఒకటి రెండుసార్లు చాలు. కళ్ళె గొంతులోకి వచ్చినట్టు అనిపించినప్పుడు ఒక్క దగ్గు దగ్గితే వచ్చేస్తుంది. మళ్ళీ విశ్రాంతి. పొద్దున్నే చేయించడం మంచిది, భోజనం చేసిన వెంటనే వద్దు. వీపు మీద తట్టడం, తల కిందికి వంచి పడుకోబెట్టడం లాంటివి ఫిజియోథెరపిస్టు నేర్పితేనే చేయండి.

"పెరుగు నెమ్ము, అరటిపండు నెమ్ము, పాలు నెమ్ము" అంటూ అన్నీ మాన్పించి మనిషిని ఎముకలగూడు చేయకండి. పాలు తాగితే ఊపిరితిత్తుల్లో కళ్ళె పెరగదు. తాగాక గొంతులో కాసేపు జిగటగా అనిపిస్తుంది, అంతే. దాహం తీరేటంత నీళ్ళు ఇవ్వండి. కాళ్ళవాపు ఉన్నవారికి ఎన్ని నీళ్ళో డాక్టరునే అడగాలి.

కళ్ళెను మూత ఉన్న డబ్బాలో వేయించి, రోజూ రంగు చూడండి. అసహ్యించుకోకండి, చాలా సంగతులు అదే చెబుతుంది. తెల్లగా ఉండేది పసుపు లేక ఆకుపచ్చగా మారినా, పరిమాణం పెరిగినా, ఆయాసం ఎక్కువైనా జబ్బు తిరగబెట్టిందని అర్థం. సార్వా కోతలయ్యాక, మంచు, గడ్డి తగలబెట్టిన పొగ, భోగిమంటలు కలిసే రోజుల్లో మరీ జాగ్రత్త. వెంటనే తీసుకువస్తే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ అవసరమా కాదా డాక్టరు నిర్ణయిస్తారు. ఇంట్లో మిగిలిన పాత మాత్రలు వేయకండి. కళ్ళెలో రక్తం కనబడినా, పెదవులు, గోళ్ళు నీలంగా మారినా, ఒక్క వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోయినా, పిలిస్తే సరిగా పలకకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

దగ్గు వింటే క్షయ అనుకుని కంచం, గ్లాసు వేరుచేసే ఇళ్ళు ఉన్నాయి. సి.ఓ.పి.డి. అంటువ్యాధి కాదు. అలాగని క్షయ లేదని పరీక్ష లేకుండా అనుకోకూడదు, రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. కొత్తగా మొదలైన దగ్గు రెండు వారాలు దాటినా, పాత దగ్గు తీరు మారినా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా కళ్ళె పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం.

చుట్ట మానేసిన మొదటి వారాల్లో కొందరికి దగ్గు పెరిగినట్టు ఉంటుంది. "మానేస్తేనే ఎక్కువైందండి" అని మళ్ళీ వెలిగిస్తారు. ఆ సమయంలో మీరు పక్కన ఉండాలి. మిగిలిన నూగు మళ్ళీ పని మొదలుపెట్టడం వల్ల అలా జరగవచ్చు, కొన్ని వారాల్లో తగ్గుతుంది.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ, ఇన్‌హేలరుతో సహా, పాత ఎక్స్‌రేలతో కలిపి ఒక సంచిలో వేసుకుని రండి. ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నారో డాక్టరు ముందు ఒకసారి చేసి చూపించమనండి.