కివీ తీగ మన హోసూరులో కాస్తుందా?

నర్సరీ వాళ్లు కివీ మొక్కలు అమ్ముతున్నారు, గట్టున పెట్టొచ్చా, ఎకరా మల్బరీ తీసి పెడితే లాభమా అని గ్రూపులో కొందరు అడిగారు. మేము తెలుసుకున్నది రాస్తున్నాము.

తీగ మన దగ్గర బతుకుతుంది, ఆకు వేస్తుంది. కాయ రావడమే కష్టం. ఎందుకో మన గుడ్లతో చెబితే తొందరగా అర్థమవుతుంది. మైసూరు జాతి గుడ్డు పది రోజులకు దానంతట అదే పగులుతుంది. బైవోల్టిన్ గుడ్డు నిద్రపోతుంది. గ్రైనేజీలో నెలల తరబడి చలి గదిలో ఉంచితేనో, ఆసిడ్‌లో ముంచితేనో లేస్తుంది. మల్బరీ మొగ్గ మైసూరు గుడ్డు లాంటిది, ఎప్పుడు కొట్టినా చిగురేస్తుంది. కివీ మొగ్గ బైవోల్టిన్ గుడ్డు. చలికాలం ఆకు రాల్చి పడుకుంటుంది. 7 డిగ్రీల కన్నా తక్కువ చలి కొన్ని వందల గంటలు తగిలితేనే సరిగ్గా మేలుకుని పూస్తుంది. అంగళ్లలో ఎక్కువగా చూసే హేవార్డ్ రకానికి 700, 800 గంటలు కావాలి. అంటే రాత్రీ పగలూ కలిపి నెల లెక్క! పుష్యమాసంలో తళి వైపు ఎంత మంచు పడినా అంత చలి మనకు రాదు. కృష్ణగిరి ఇంకా పల్లంలో ఉంది, అక్కడ అడగనే వద్దు.

ఇది కొత్త మాట కాదు. మన దేశంలో కివీని మొదట నాటింది పక్కనే, బెంగళూరు లాల్‌బాగ్‌లో, 1960లో. చలి చాలక కాయలేదు. తరువాత 1963లో సిమ్లాలో పెట్టారు, అక్కడ 1969లో కాసింది. ఇప్పుడు అరుణాచల్, నాగాలాండ్, సిక్కిం, హిమాచల్ కొండల్లో పండిస్తున్నారు.

"తక్కువ చలి రకం" అని చెప్పి అమ్మితే నమ్మి అప్పు చేయకండి. దానికీ కొంత చలి కావాల్సిందే. ద్రాక్ష తోటల్లో మొగ్గ లేపడానికి కొట్టే హైడ్రోజన్ సైనమైడ్ కివీకీ వాడతారు, కానీ అది అసలు చలికి బదులు కాదు. పైగా మనిషికే విషం, పురుగుల షెడ్డు ఉన్న చోట దాని జోలికి పోవద్దు.

ఇంకొకటి. కివీలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. ఎనిమిది తొమ్మిది ఆడ తీగలకు ఒక మగ తీగ ఉండాలి, రెండూ ఒకేసారి పూయాలి, తేనెటీగలు రావాలి. ఒక్క మొక్క కొనుక్కుపోయి కాయ కోసం చూస్తే చలి దేశంలో కూడా రాదు. ద్రాక్షకు వేసినట్టు రాతి కూసాలు, కమ్మీ పందిరి కావాలి. చలి ఉన్న చోటే కాపుకు నాలుగైదేళ్లు పడుతుంది. అంతకాలం ఆ ఎకరా మల్బరీ ఆకు పోయినట్టే. మా లెక్కకు ఇది అస్సలు నిలబడదు.

సరదాకు ఇంటి ముందర ఒక తీగ పెట్టుకుంటామంటే పెట్టుకోండి. మధ్యాహ్నం ఎండ, గాలి తగలని చోటు చూడండి. వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి ఎండాకు కప్పి, తేమ ఆరకుండా చూడాలి. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

కాయ కావాలంటే ప్యాషన్ ఫ్రూట్ తీగ మేలు. దానికి చలి నిద్ర లేదు, ఏడాది ఏడాదిన్నరలో కాస్తుంది. ఏ తీగ పెట్టినా మల్బరీకి దూరంగా, గాలి తోట మీదికి రాని దిక్కున పెట్టండి. తీగకు కొట్టిన పురుగుమందు గాలికి ఆకు మీద పడితే, నాలుగో జ్వరం లేచిన పురుగులు ఆ ఆకు తిని ఒక్క మేతకే పోతాయి.