సరమ సంతానము

ఆంధ్ర మహాభారతము చదివిన విద్యార్థి సరమ కథను మరువడు. జనమేజయుని యాగభూమిలో ఆడుకొనుచున్న కుక్కకూనను రాజు తమ్ములు కొట్టిరి. తల్లి సరమ రాజు నెదుట నిలిచి, నిరపరాధులకు కీడు చేసినవారికి అనుకొనని భయములు వచ్చునని హెచ్చరించినది. ఆ తమ్ములను నిందించుట మనకు సులభము. పెంపుడు కుక్క ఈనిన పిల్లలను గోనెసంచిలో వేసి ఊరిచివర విడిచివచ్చు గృహస్థు మాత్రము తానును వారి వరుసలోనివాడే యని తలపడు.

అతడు కఠినుడు కాకపోవచ్చును, లెక్క తెలియనివాడు. ఆడుకుక్క సాధారణముగా ఏడాది నిండునప్పటికి ఎదకు వచ్చును. గర్భము మోయునది సుమారు 63 దినములే. పిల్లి నాలుగైదు నెలల ప్రాయముననే చూలు దాల్చగలదు. ఈతకు నాలుగేసి పిల్లలైనను, వానిని స్వీకరించు ఇండ్లెన్ని? మగకూనలను అడిగి తీసికొనువారుందురు. ఆడకూనలు మిగిలి వీధిపాలగును. ఆ వీధిలోనే తల్లులగును. టీకా లేని ఆ సంతతిలో ఒకటి పిచ్చియెత్తి బడిపిల్లవానిని కరచినచో, తప్పు కుక్కదా? రేబీసు లక్షణములు పొడసూపిన పిదప ప్రాణము దక్కుట దాదాపు అసంభవము.

దీనికి మార్గము సంతాన నిరోధక శస్త్రచికిత్స. మత్తుమందిచ్చి, ఆడుదానికి అండాశయములను, సాధారణముగా గర్భసంచిని కూడ తొలగింతురు; మగదానికి వృషణములను తొలగింతురు. ఈడు మీరిన ఆడుకుక్కల ప్రాణము తీయగల గర్భసంచి చీమురోగము దీనితో తప్పును. కాపలా బుద్ధి నశింపదు. ఏ వయస్సున చేయవలెనో పశువైద్యుడు నిర్ణయించును.

“ప్రకృతికి అడ్డు తగులుట పాపము కాదా?” యని కొందరు పెద్దలందురు. కోడెను ఎద్దుగా మార్చి కాడి కట్టిన మనకు ఈ సందేహము ఇప్పుడు కలుగుట వింత. అది మన సేద్యము కొరకు, తరచు మత్తుమందు లేకయే జరిగినది. ఇది ఆ మూగజీవి మేలు కొరకును, మన వీధి మేలు కొరకును జరుగును. అడవి మృగమునకు ఆకలియే హద్దు. మన గడపలో అన్నము తినుదానికి హద్దు ఏర్పరచవలసినవారము మనమే.

శాసనమును ఈ మాటనే చెప్పుచున్నది. 2001 నాటి నియమముల స్థానమున 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమములు, పెంపుడు జంతువులకు టీకాలు వేయించుటయు, ఈ చికిత్స చేయించుటయు యజమాని బాధ్యతయే యన్నవి. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును అకారణముగా విడిచిపెట్టుట 1960 నాటి చట్టము ప్రకారము నేరము.

ఉపాధ్యాయులారా, సరమ పద్యములు బోధించునాడు పిల్లలకు ఈ లెక్కయు చెప్పుడు. కూనను కొట్టకుండుట దయకు మొదటి మెట్టు. దిక్కులేని కూన పుట్టకుండ చూచుట రెండవది.