బాలింతకు అండ – దానిని కొలిచే విధానం

శిశువు జన్మించిన ఇల్లు పండుగ ఇల్లు. వచ్చినవారి దృష్టి అంతా ఊయలవైపే ఉంటుంది. ఊయల పక్కనున్న తల్లి మనసును విచారించేవారు అరుదు.

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో తొలికాన్పు పుట్టింట జరగడం ఆచారం. ముస్లిం కుటుంబాలలో నలభై దినాల ఛిల్లా, హిందూ కుటుంబాలలో పురుడు, పథ్యం. పేర్లు వేరైనా బాలింతకు విశ్రాంతి, తోడు కల్పించడమే వాటి ఉద్దేశం. అయితే ఇంటినిండా మనుషులున్నంత మాత్రాన ఆమెకు అండ ఉన్నదని చెప్పగలమా? అందిన సహాయం వేరు. అవసరానికి నావారున్నారన్న నమ్మకం వేరు. ఈ రెండవదానినే మనస్తత్వ శాస్త్రజ్ఞులు అనుభూత సామాజిక మద్దతు అంటారు. ఇది కొరవడిన తల్లులలో ప్రసవానంతర కుంగుబాటు అధికమని అనేక దేశాల పరిశోధనలు తెలుపుతున్నాయి.

దీనిని కొలవడానికి అమెరికాలో జిమెట్, ఆయన సహచరులు 1988లో ఒక మాపనిని ప్రకటించారు. బాలింతల కొరకే రచించినది కాకపోయినా వారి విషయంలోనూ దీనిని వాడుతున్నారు. ఇందులో 12 వాక్యాలున్నవి. కుటుంబం, స్నేహితులు, ఆత్మీయ వ్యక్తి – ఒక్కొక్కరిని గూర్చి నాలుగేసి. ప్రతి వాక్యాన్ని ఎంతవరకు అంగీకరిస్తారో 1 నుండి 7 వరకు గల అంకెలలో తెలపాలి. సగటు 3 నుండి 5 వరకు ఉంటే మద్దతు మధ్యస్థమని భావిస్తారు.

ఒక తల్లి కుటుంబానికి 28, ఆత్మీయ వ్యక్తికి 16, స్నేహితులకు 4 ఇచ్చిందనుకొందాం. మొత్తం 48, సగటు 4. ఫలితం మధ్యస్థం! మనసు విప్పి మాట్లాడుకొనేందుకు స్నేహితురాలు ఒక్కరూ లేరన్న సత్యం ఆ సగటులో మరుగునపడింది. కనుక మూడు భాగాలను విడివిడిగా పరిశీలించాలి.

మన సమాజంలో మరికొన్ని చిక్కులున్నవి. కుటుంబమంటే పుట్టిల్లా, అత్తవారిల్లా? తల్లి ఒడిలో ఉన్న నలభై దినాలలో చెప్పిన సమాధానం, అత్తవారింటికి చేరిన పిమ్మట మారవచ్చు. కాబట్టి రెండు ఇండ్లను గూర్చీ, రెండుసార్లు అడగడం న్యాయం. ఆత్మీయ వ్యక్తి భర్తా, తల్లా, అక్కా అన్నది ముందే స్పష్టం చేయాలి. ఇంట దక్కనీ మాట్లాడి బడిలో తెలుగు చదివిన సోదరికి గ్రంథాల ఉర్దూలో ప్రశ్న వేస్తే అర్థం కాదు. అన్నింటికంటె ముఖ్యం ఏకాంతం. అత్తగారు పక్కన కూర్చుండగా వచ్చే సమాధానం బాలింతది కాదు, మర్యాదది.

విద్యార్థి మిత్రులారా! మాపని ఒక పరికరం మాత్రమే. అడిగే తీరు సరిగా లేనిచో అంకెలు సైతం అసత్యమాడుతాయి. రేపు మీలో కొందరు పరిశోధకులు కావచ్చు. అందరూ అన్నలు, తమ్ములు, భర్తలు, ఆడపడుచులు కాగలరు. శిశువును చూడబోయినప్పుడు తల్లిని కూడ ఒక్క మాట ఒంటరిగా అడగండి. ఆమె చెప్పేది ఓపికతో వినండి.