పరాయి గువ్వ కాదు, తల్లి గువ్వ!

హోసూరులో మా పెరటి వేపచెట్టు మీద ఒక ఎర్ర గువ్వ నాలుగు పుల్లలు పేర్చి గూడు కట్టింది. ఒకనాటి సాయంకాలం కచేరీ నుండి వచ్చి చూస్తే, ఆ గూటిలో గోధుమవన్నె గువ్వ కూర్చుని ఉంది. పరాయిది దూరిందని కర్ర తీశాను. "వద్దు నాన్నగారూ, రెండూ వంతులవారీగా పొదుగుతున్నాయి!" అని మా అమ్మాయి ఆపింది.

నేను పొరబడిన విధం వినండి. మెడ వెనుక నల్లని అరపట్టీ గల గువ్వలు మన ప్రాంతాల్లో రెండు రకాలు. బూడిద గువ్వ పెద్దది, సుమారు 32 సెంటీమీటర్లు, తోక పొడుగు, ఆడా మగా ఒకే తీరు. ఎర్ర గువ్వ సుమారు 23 సెంటీమీటర్లే, తోక పొట్టి. ఇందులో మగదానికే ఇటుకరంగు ఒళ్ళు, బూడిదరంగు తల. ఆడది వెలిసిన గోధుమవన్నె. అందుచేత బూడిద గువ్వ అని భ్రమ కలుగుతుంది. పెద్దది "కు-కూ-కు" అని నిదానంగా కూస్తుంది; చిన్నదాని కూత గరగరగా, త్వరత్వరగా సాగుతుంది.

ఎర్ర గువ్వకు 1804లో పెట్టిన శాస్త్రనామంలో మన తమిళనాటి తరంగంబాడి పేరు ఉన్నది.

కనుక రంగు ఒక్కటే చూసి నిర్ణయించకండి. పరిమాణం, తోక, కూత కూడా గమనించండి. ఆనాడు కర్ర విసిరి ఉంటే, ఆ తల్లి గుడ్లను వదిలి పోయేదేమో!