ముగ్గు పోసే ముందు పట్టా చూసుకోండి

పత్తి, మిర్చి డబ్బు చేతికొచ్చింది, ఈ ఎండాకాలం పునాది తీద్దామని మేస్త్రీని పిలిచారా? కాస్త ఆగండి. చేనులో మంచె వేసుకుంటే ఎవరూ ప్లాను అడగరు. కాపురానికి గోడలు లేపాలంటే మాత్రం గ్రామ పంచాయతీ అనుమతి ముందే తీసుకోవాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం కింద 300 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి పంచాయతీయే అనుమతిస్తుంది. హక్కు పత్రం, ఇంటి ప్లాను జతచేసి కార్యదర్శికి దరఖాస్తు ఇవ్వండి. రుసుము కట్టి రసీదు అడిగి తీసుకోండి. నోటిమాట పనికిరాదు. సాగు భూమైతే ముందు వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవాలి.

మన ఖమ్మం, భద్రాచలం అడవి అంచున అసలు చిక్కు భూమితోనే. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా పిల్లలకు సంక్రమిస్తుంది గానీ అమ్మకానికి, కొనడానికి వీల్లేదు. చట్టంలో నివాసమనే మాట కూడా ఉంది. మీ పట్టాలో సాగుకేనని ఉంటే పంచాయతీ కాగితం ఫారెస్టు వాళ్లను ఆపదు. ఏజెన్సీలో 1/70 వల్ల గిరిజనేతరులు తెల్లకాగితం మీద కొన్న జాగాకు హక్కే రాదు, ఇంటి పన్ను కట్టినా అంతే.

2024 మార్చి 11న భద్రాచలంలోనే మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షల సాయం దశలవారీగా వస్తుంది. గోడల దగ్గర పని ఆగితే తర్వాతి బిల్లూ ఆగుతుంది, అప్పు వడ్డీ మాత్రం ఆగదు. గట్టు పక్కన రిజర్వు ఫారెస్టు హద్దురాయి ఉంటే ముందే సర్వేయరుతో కొలిపించి, నక్షా నకలు దగ్గర పెట్టుకోండి.