అదే రక్తం, ఇంకో లెక్క

క్రియాటినిన్ ఆలస్యంగా చెప్పే మాటను ముందే చెప్పగల ప్రోటీన్ మన ఒంట్లోనే ఉంది. కిడ్నీ జబ్బు పీడిస్తున్న మన పల్లెలకు ఆ పరీక్ష ఎప్పుడొస్తుంది?

విస్సన్నపేటలో తిరువూరు బస్సు కోసం నిలబడితే చేతిలో ప్లాస్టిక్ కవరున్న మనిషి ఒక్కరైనా కనబడతారు. కవర్లో మడతలు పడ్డ ల్యాబు కాగితాలు, ఆధార్ జిరాక్సు. ఆ రోజు నా పక్కన కూర్చున్నాయన ఎ.కొండూరు వైపు తండా మనిషి. యాభై ఏళ్లుంటాయి. మామిడి తోటల్లో కూలికి పోతాడు. ముంజేతి మీద ఎముక, నరం తప్ప కండ కనబడదు. కాగితం నా చేతికిచ్చాడు.

"క్రియాటిన్ ఎంతుందో సూడు బాబూ."

1.2 ఉంది. నార్మలే. ఆ మాట చెబితే ఆయన ముఖం తేలికపడలేదు. "మా అన్నక్కూడా మొదట్లో నార్మలే అన్నారయ్యా. ఇప్పుడు డయాలసిస్‌కి తిరుగుతున్నాడు."

ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్లుగా ఇళ్లను గుల్ల చేస్తోంది. శ్రీకాకుళం ఉద్దానం కథ అందరికీ తెలుసు. అక్కడ పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. మన ప్రాంతంలో చదువు రాని ముసలమ్మ నోట కూడా క్రియాటినిన్ అంకె పలుకుతుంది. పింఛను అర్హతకూ అదే అంకె: 5 దాటితే ఒక లెక్క, దాటకపోతే ఇంకో లెక్క.

అయితే క్రియాటినిన్ కండరాల్లో పుట్టే వ్యర్థం. కండ ఎక్కువున్న వాడికి ఎక్కువ పుడుతుంది, బక్కచిక్కిన వాడికి తక్కువ. వడపోత మందగించినా పుట్టేదే తక్కువ కాబట్టి రక్తంలో పేరుకోవడానికి చాలాకాలం పడుతుంది. కిడ్నీల పని సగానికి పడిపోయేదాకా కాగితం మీద నార్మల్ అనే కనిపించవచ్చు. ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో ఆల్బుమిన్ కూడా తరచు తక్కువే పోతుంది. అంటే రెండో కాపలాదారూ నిద్రలోనే ఉంటాడు.

ఇక్కడే సిస్టాటిన్-సి సంగతి చెప్పాలి. 120 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ అది. కణాల్లో ప్రోటీన్లను కత్తిరించే కెథెప్సిన్ అనే ఎంజైములుంటాయి. అవి హద్దు మీరకుండా కళ్లెం పట్టుకోవడమే దీని ఉద్యోగం. కేంద్రకమున్న కణాలన్నీ దాదాపు ఒకే వేగంతో దీన్ని తయారుచేస్తుంటాయి. పహిల్వానా, కూలివాడా అన్నది దీనికి పెద్దగా పట్టదు. కిడ్నీ జల్లెడ గుండా సులువుగా జారిపోయి, అక్కడి నాళికల్లోనే విరిగిపోతుంది. జల్లెడ మూసుకుపోతుంటే రక్తంలో పెరుగుతుంది. స్వీడన్‌లోని లుండ్‌కు చెందిన ఆండర్స్ గ్రబ్ బృందం 1980ల్లోనే ఈ సంగతి గుర్తించింది.

లెక్కకట్టి చూద్దాం. యాభై ఏళ్ల మగవాడికి క్రియాటినిన్ 1.2 ఉంటే, ఇప్పుడు వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం వడపోత నిమిషానికి సుమారు 74 మిల్లీలీటర్లు. పర్వాలేదు అంటారు. అదే మనిషికి సిస్టాటిన్-సి 1.6 వచ్చిందనుకోండి, లెక్క 43కి దిగుతుంది. 60 కంటే తక్కువ మూడు నెలలకు పైగా ఉంటే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. ఈ తేడాలో ఒక మనిషి ఏళ్లు దాగున్నాయి: బీపీ అదుపు చేసుకునే ఏళ్లు, ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొని మింగే గోలీలు మానేసే ఏళ్లు.

ఇదీ తప్పుపట్టలేని సాక్షేమీ కాదు. థైరాయిడ్ తేడాలు, స్టెరాయిడ్లు, ఊబకాయం, ఒంట్లో వాపు దీన్ని కూడా పక్కదారి పట్టిస్తాయి. అందుకే వీలున్నచోట రెండింటినీ కలిపి లెక్కకట్టమని కేడీగో అంతర్జాతీయ మార్గదర్శకాలు 2024లో చెప్పాయి. ఖర్చు క్రియాటినిన్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ, నిజమే. ఒక్కసారి డయాలసిస్‌కి పోయిరావడానికి కూలి పని, బస్సు ఛార్జీ, తోడు మనిషి రోజు ఎంత పోతాయో లెక్కేసినవాళ్లు ఆ ఖర్చును అడ్డంకి అనలేరు.

మందుల వేటలోనూ ఈ ప్రోటీన్‌కు చోటుంది. ఐస్‌లాండ్‌లో కొన్ని కుటుంబాల్లో ఇందులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిపోయి పుడుతుంది. అలా మారిన ప్రోటీన్ ముద్దలు కట్టి మెదడు రక్తనాళాల్లో పేరుకుంటుంది. వాళ్లలో చాలామంది నడిప్రాయం రాకుండానే మెదడులో రక్తస్రావంతో చనిపోతారు. కఫం పల్చబరచడానికి వాడే ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఇస్తే చర్మంలో ఆ నిల్వలు తగ్గాయని 2021లో పరిశోధకులు ప్రకటించారు. పాత మందు, కొత్త ఆశ.

మనకు మాత్రం ముందు పరీక్షే కావాలి. తండాల్లో శిబిరం పెట్టినప్పుడు, కనీసం ఇంట్లో ఒకరికి జబ్బున్న వాళ్లకైనా, బక్కపల్చటి వాళ్లకైనా క్రియాటినిన్ పక్కన దీన్నీ చేర్చాలి. జిల్లాలో ఒక్క ల్యాబు చేసినా చాలు, నమూనాలు అక్కడికే పంపవచ్చు.

ఇదంతా బస్సు వచ్చేలోపు ఆయనకు నాకు తోచినట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. కాగితం మళ్లీ కవర్లో పెట్టి, ముడి వేసుకుంటూ అడిగాడు: "దానికి ఇంకోసారి సూది పొడవాలా బాబూ?"

"అక్కర్లేదు. తీసిన రక్తంలోనే చూస్తారు."

"మరి సూడలేదే?"